పాడని ఏడో భాగం

లిండ్‌రోడా,
జనవరి చివరి ఆదివారం

గుడ్రూన్ వదినగారికి,

ఈ కట్టలో ఉన్నవి మీ తమ్ముడు గుడ్ ఫ్రైడే కోసం రాసిన సంగీతం కాగితాలు. నా చేతిలో పెట్టి, "అక్కకి పంపించు. పైన నాలుగు ముక్కలు నువ్వే రాయి, నాకు ఉత్తరాలు రాయడం రాదు" అన్నారు. నాకు మాత్రం ఎక్కడ వచ్చు? తొమ్మిదో తరగతితో బడి వదిలేసి హోపెగారి రొట్టెల దుకాణంలో నిలబడినదాన్ని. కానీ మీకు ఫోన్లో మాట వినపడదు కదా, ఉత్తరం తప్ప దారి లేదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మొత్తం ఏడు భాగాలు. క్రీస్తును తోటలో పట్టుకోవడం దగ్గర మొదలై, సమాధిలో పెట్టడంతో ఆరో భాగం అయిపోతుంది. తర్వాత పెద్ద విరామం. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ అందరూ ఊరుకుంటారు. ఆ మౌనంలోంచి ఏడో భాగం మొదలవుతుంది. అన్నిటికంటే అదే పొడుగు. నవంబరు నుంచి ఈయన దానిమీదే కూర్చున్నారు. ఎదురుగా సూప్ చల్లారిపోయినా తెలిసేది కాదు.

మా చర్చి గాయకబృందాన్ని నడిపే డీట్సెల్‌గారు పట్టుబట్టి రాయించుకున్నారు. నేనూ ఆ బృందంలోనే ఉన్నాను, ఆడగొంతుల్లో అన్నిటికంటే కిందిదైన రెండో ఆల్టో, వెనక వరసలో స్తంభం పక్కన. ఆ చోటు నేనే అడిగి తీసుకున్నాను.

మొన్న జిల్లా పత్రికవాళ్ళు ఒకాయన వచ్చారు. మన ఊరి సంగీతకర్త అని ఒక వ్యాసం వేస్తారట. ఈయన ఇంకా స్కూలు నుంచి రాలేదు. "ఆయన ఏమేం చేశారమ్మా?" అని నన్ను అడిగారు. "పిల్లలకి పియానో, పిల్లనగ్రోవి నేర్పుతారండి" అన్నాను. అంతకుమించి నోరు పెగల్లేదు. ఈయన వచ్చి నవ్వి, లైప్జిగ్‌లో చదువు, నాలుగు తీగవాద్యాలకి రాస్తే రేడియోలో వచ్చిన సంగీతం, ఒక బహుమతి, నాలుగు సాయంత్రాలు ఆడి ఆగిపోయిన ఒపెరా, అన్నీ చెప్పారు. "ఆ తర్వాత?" అన్నారాయన. "ఆ తర్వాత మా ఆవిడ చెప్పిందే" అన్నారు ఈయన.

ఈయన పాఠాలు చెప్పే మ్యూజిక్ స్కూలు పెద్ద కెస్ట్‌నర్‌గారు వేసవిలో రిటైర్ అవుతున్నారు. ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. మీరు పంపిన ప్లమ్ జామ్ సీసా నిన్నటితో అయిపోయింది, చాలా బాగుంది.

మీ రోమీ


సిస్టర్ల గృహం, ఆల్టెన్‌ఫెల్డె,
ఫిబ్రవరి

రోమీ,

నీ ఉత్తరంలో తప్పులు ఉన్నాయో లేవో చూడలేదు. విషయం అర్థమైంది, అది చాలు.

కాగితాలు అందాయి. భోజనాలయ్యాక బల్లమీద పరుచుకుని కూర్చున్నాను. సిస్టర్ హెడ్విగ్ పలకమీద రాసి అడిగింది, "ఏమిటంత దీక్షగా, కరెంటు బిల్లా?" అని. చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదు. కాగితం చూస్తే నాకు లోపల వినపడుతుంది. వినపడినంత వరకు రాస్తున్నాను, వాడికి చెప్పు. పేతురు "ఆయనెవరో నాకు తెలీదు" అనే చోట మిగతా వాద్యాలన్నీ ఆగి, సన్నాయిలాంటి ఆ ఓబో ఒక్కటే మిగలడం బాగుంది. బైబిల్లో అక్కడ కోడి కూస్తుంది కదా అని కోడిని కూయించనందుకు సంతోషం. వేరేవాళ్ళయితే తప్పకుండా కూయించేవారు. ఐదో భాగం గట్టిగా ఉంది. ఆరోది ఇంకా బాగుంది. ఏడో భాగం గురించి పాడాక చెబుతాను.

ఇక నీ సంగతి. కెస్ట్‌నర్ రిటైర్ అవుతున్నాడని ఒక్క వాక్యం రాసి వెంటనే మంచులోకి దూకావు. మంచులోంచి జామ్‌లోకి. నేను జీవితమంతా రోగుల పక్కన గడిపినదాన్ని. నొప్పి ఎక్కడ అని అడిగితే వాతావరణం సంగతి చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ కుర్చీ ఎవరికిస్తున్నారు?

అమ్మ పోయేసరికి వాడు ఇంకా పొట్టి లాగులు వేసుకునేవాడు. ఏడుపు ఆపడానికి నా బూర ఇచ్చి చర్చి బూరల బృందంలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడు ఊదిన మొదటి స్వరం నేను నేర్పిందే. ఆ రోజు నుంచి ఏడవలేదు. పక్కింటివాళ్ళు ఏడ్చారు. అంత దూరం నుంచి వచ్చినవాడు చివరికి ఏ గదిలో ఏ టీచరో అని చీటీలు అంటించే ఉద్యోగంలో తేలితే నాకు నచ్చుతుందా? నువ్వే చెప్పు. దాచకుండా చెప్పు.

జామ్ ఇంకో సీసా పంపుతున్నాను.

గుడ్రూన్


లిండ్‌రోడా,
మార్చి, ఆదివారం

వదినగారికి,

మీరు పట్టేశారు. ఆ కుర్చీ ఈయనకే ఇస్తామన్నారు. పురపాలక సంఘంలో కళల శాఖ చూసే బ్రాండిస్‌గారు క్రిస్మస్‌కి ముందే ఇంటికొచ్చి చెప్పి వెళ్ళారు. ఈస్టర్ అయిన రెండో వారంలోగా జవాబు కావాలట. మీకు చెప్పొద్దని ఈయన అన్నారు. నేను చెప్పానని మీరు అనకండి.

బ్రాండిస్‌గారు వెళ్ళాక ఈయన నాతో అన్నది రాస్తున్నాను. "ఇది ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా జనం ముందు పాడనీ. ఆ చివరి భాగం వింటూ నేను వాళ్ళ మధ్య కూర్చోవాలి. అది నిలబడితే నేనింకా సంగీతం రాసేవాణ్ణే. నిలబడకపోతే ఆ కుర్చీలో కూర్చుని టైంటేబుళ్ళు వేస్తాను. స్వరాలు ఇక రాయను." కోపంగా అనలేదు. బూట్లు తుడుచుకుంటూ అన్నారు. అందుకే నాకు భయమేసింది. కోపంలో అన్న మాటైతే తెల్లారేసరికి పోయేది.

అది మంచి ఉద్యోగమే. నాకు తెలుసు. కానీ మొన్న కెస్ట్‌నర్‌గారి భార్య రొట్టెలకి వచ్చి మాటల్లో అన్నారు, "మా ఆయన వయొలిన్ బీరువా మీద ఉందమ్మా. దానిమీద చలికాలం దుప్పట్లు పెట్టాం. ఎత్తు సరిగ్గా సరిపోయింది" అని. ఆయన వయొలిన్ వాయించేవారని ఊళ్ళో ఉండి నాకే తెలీదు.

పాఠాలు చెప్పడం ఈయనకి బరువేమీ కాదు. ఇంటికొచ్చి నేర్చుకునే పిల్లలుంటే నేను వంటగదిలోంచి వింటాను. తప్పు వాయించావని అనరు. "ఈ స్వరం నీకెందుకు నచ్చలేదు లొట్టే?" అంటారు. "నచ్చింది సార్, వేలు అందలేదు" అంటుంది ఆ పిల్ల. "అయితే వేలిని తిట్టు. నువ్వు బాగానే వాయిస్తున్నావు." ఆ పిల్ల నిజంగానే వేలిని తిడుతుంది. ఆ సాయంత్రాలు ఈయన బాగా రాసుకుంటారు కూడా. పాఠాలు రాతకి అడ్డం కావు వదినగారూ. ఆ కుర్చీయే అడ్డం.

సాధన సాగుతోంది. మగగొంతుల్లో కింది వరస, బాస్ పాడే లోథార్ తెలుసు కదా, మాంసం దుకాణం ఆయన. ఏడో భాగం మధ్యలో కాగితం దించేసి ఈయనతో అన్నాడు, "ఏమయ్యా హెనింగ్, ఇక్కడ ఎక్కించి దించి ఎక్కించి దించి చంపుతున్నావు. నేను మాంసం కొట్టుకునేవాణ్ణి, ఇంటికప్పులు వేసేవాణ్ణి కాదు."

"పైకెక్కితే ఊరంతా కనపడుతుంది లోథార్."

"నాకు ఊరు కింద నుంచే బాగా కనపడుతోంది. ఎవడు నాకు బాకీయో కూడా కనపడుతుంది."

అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వారు గానీ ఒక్క స్వరం మార్చలేదు. ఇంటికి వస్తూ, "ఏడోది నీకెలా ఉంది?" అని నన్ను అడిగారు. "మా వరస బాగుందండి" అన్నాను. స్తంభం పక్కన నిలబడితే మా వరసే వినపడుతుంది. మిగతాది ఎలా ఉందో నాకు నిజంగా తెలీదు.

మీ రోమీ


సిస్టర్ల గృహం, ఆల్టెన్‌ఫెల్డె,
మట్టల ఆదివారం ముందు

రోమీ,

చెప్పి మంచి పని చేశావు. నేను వాడికి ఏమీ రాయను.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. గుడ్ ఫ్రైడే నాడు చప్పట్లు ఉండవు. గుమ్మం దగ్గర చేతులు కలపడాలు ఉండవు. బాగుందని ఎవరూ అనరు, బాగోలేదనీ అనరు. తల దించుకుని ఇంటికి పోతారు. ఈస్టర్ పొద్దున గంటలు మోగేదాకా ఊళ్ళో ఎవరూ వాడితో ఒక్క మాట అనరు. ఇలాంటి రోజున తీర్పు కోసం కూర్చున్నాడంటే వాడికి మతి ఉందో లేదో మరి. నా తమ్ముడు కాబట్టి ఉందనుకుంటాను.

శనివారం వాణ్ణి ఖాళీగా ఉంచకు. ఈస్టర్ గుడ్లకి రంగులు వేయమను.

నేను రాలేను. బస్సులో అంత దూరం ఇప్పుడు నా నడుము ఒప్పుకోదు. ఆ సాయంత్రం మీరు మొదలుపెట్టే వేళకి కాగితాలు ముందు పెట్టుకుని మీతోపాటు చదువుతాను.

గుడ్రూన్


లిండ్‌రోడా,
ఈస్టర్ సోమవారం

వదినగారికి,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

చర్చి నిండింది. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. పాస్టర్ ఊల్‌మన్‌గారికి ఆ వారమంతా జ్వరం. చివరి సాధనకి రాలేదు, ఆ రోజు మాత్రం శాలువా చుట్టుకుని వచ్చారు. ఈయన కింద పక్క వరసలో కూర్చున్నారు. ఆరు భాగాలూ సాగాయి. ఓబో ఒక్కటే మిగిలిన చోట ఎవరూ దగ్గలేదు. మా ఊళ్ళో జనం దగ్గకుండా ఉండడం మీకు తెలుసు కదా, మామూలు విషయం కాదు. సమాధి మాట పాడి ఆగాం. విరామం మొదలైంది. డీట్సెల్‌గారి చేయి గాల్లోనే ఉంది. ఆ చేయి కదిలితే ఏడోది.

మా చర్చిలో ప్రతి ఏడూ ఇదే రోజున సమాధి వాక్యం చదువుతారు, అందరూ కాసేపు మౌనంగా ఉంటారు, తర్వాత లేచి "పరలోకమందున్న మా తండ్రీ" చెబుతారు. తాతల నాటి నుంచీ అంతే. సంగీతమైతే ఏం, వాక్యం అదే వాక్యం, మౌనం అదే మౌనం. ముందు బల్లలో స్పెర్లింగ్ అవ్వ లేచింది. ఆవిడ లేచేసరికి ఆ బల్లంతా లేచింది. చెక్కలు కిర్రుమన్నాయి. వెనకవాళ్ళు లేచారు. జనం లేవడం చూసి పాస్టర్‌గారూ లేచి ప్రార్థన మొదలుపెట్టారు. ఊరంతా అందుకుంది. పైన బృందం నిలబడే మేడమీద మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మాలో ముందు ఎవరు నోరు తెరిచారో తెలీదు, మేమూ చెప్పాం. ప్రార్థనకి అడ్డుపడి పాట ఎలా పాడతాం? ఆమేన్ తర్వాత దీవెన. దీపాలు ఆర్పారు. జనం మాట్లాడకుండా బయటికి నడిచారు. డీట్సెల్‌గారు అప్పుడు చేయి దించారు.

ఏడో భాగం ఎవరూ వినలేదు. వినలేదన్న సంగతి కూడా వాళ్ళకి తెలీదు. ఏడు భాగాలని అచ్చు వేసి పంచాం గానీ, ఆ మసక వెలుతురులో ఎవరు లెక్కపెడతారు?

 ఇంటికొచ్చి ఈయన బంగాళాదుంపలు తొక్క తీసి పెట్టారు. "ఏమండీ" అన్నాను. "ఈ రోజు మాట్లాడకూడదు కదా" అన్నారు.

శనివారం గుడ్లు చేతికిచ్చి దుకాణానికి వెళ్ళాను. అన్నిటికీ ఒకే నీలం వేసి పెట్టారు. ఈస్టర్ ముందురోజు దుకాణంలో కాలు పెట్టే సందు ఉండదు. ఈయన ముందు మాట్లాడనివాళ్ళంతా నా ముందు మాట్లాడారు.

పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరైన త్సాబెల్‌గారు, "ఏమ్మా రోమీ, మీ ఆయన సంగీతం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నిద్ర పట్టలేదు" అన్నారు.

"నీకు చర్చిలో నిద్ర పట్టలేదా?" అన్నారు హోపెగారు. "అయితే అది గొప్ప సంగీతమే. పాస్టర్‌గారికి చెప్పకు, బాధపడతారు."

డాక్టరుగారి భార్య ముందుకి వంగి మెల్లగా అన్నారు. "చివర్లో పాట లేకుండా అలా ఆపేశారు చూడూ, నాకు ఒళ్ళు జలదరించింది. ఇంకెవరైనా అయితే అక్కడొక తీపి పాట పెట్టి పాడుచేసేవారు. ధైర్యం ఉండాలి."

స్పెర్లింగ్ అవ్వ తన వంతు వచ్చాక, "నేను లేచేసరికి సరిగ్గా అయిపోయింది. ఎంత బాగా కుదిరిందో. ఒక జడ రొట్టె ఇవ్వమ్మా, గట్టిది కాదు, నా పళ్ళు చూసి ఇవ్వు" అంది.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. జడ రొట్టె అడిగిన ఇద్దరికి గొర్రెపిల్ల ఆకారంలో చేసే కేకు కట్టి ఇచ్చాను.

ఈ పొద్దున ఎర్ఫర్ట్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ పెద్ద గాయకబృందాన్ని నడిపే ఆస్‌మన్‌గారు ఆ రోజు వచ్చి విన్నారట. పండుగ దాకా ఆగి చేశారు. వచ్చే ఏడు వాళ్ళు పాడతారట, ముఖ్యంగా ఆ ముగింపు కోసం. అలా మౌనంలో వదిలి ప్రార్థనకి అప్పజెప్పడం ఈ రోజుల్లో ఎవరికీ చేతకాదన్నారట. ఈయన థాంక్స్ చెప్పి పెట్టేశారు. ఇన్నేళ్ళలో పెద్ద ఊరి నుంచి ఒకరు తమంతట తాము అడగడం ఇదే మొదటిసారి. కుర్చీలో కూర్చుని నవ్వారు, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"రోమీ, వాళ్ళకి నచ్చింది నేను రాయనిది" అన్నారు.

డీట్సెల్‌గారు వచ్చి ఏడ్చి వెళ్ళారు. ఇంకోసారి పాడదామంటే ఈస్టర్ వచ్చేసింది. ఈస్టర్ తర్వాత ఇక్కడ ఎవరూ క్రీస్తు శ్రమల పాటలు పాడరు. మళ్ళీ వచ్చే ఏడే. బ్రాండిస్‌గారు వచ్చే వారం శుక్రవారం దాకానే ఆగుతారు. ఈయన, "వినలేదు కాబట్టి తెలీదు. ఇంకో ఏడాది ఇలా తెలీకుండా కూర్చోవడం నావల్ల కాదు. కుర్చీయే నయం" అంటున్నారు.

వదినగారూ, ఏడో భాగం ఎలా ఉందో పాడాక చెబుతానన్నారు. పాడలేదు. అది చదివినవాళ్ళు బయట మీరొక్కరే. ఇప్పుడు చెప్పండి.

మీ రోమీ


సిస్టర్ల గృహం, ఆల్టెన్‌ఫెల్డె,
ఈస్టర్ తర్వాత, గురువారం

రోమీ,

స్పెర్లింగ్ అవ్వ మీద కోపం పెట్టుకోకు. నేను అక్కడ ఉంటే నేనూ లేచేదాన్ని.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఏడో భాగం బాగోలేదు. మొదలు బాగుంది. తర్వాత తను చదువుకున్న చదువంతా అక్కడ కుమ్మరించాడు. ఎనిమిది గొంతులు పెళ్ళిబట్టలు కట్టుకుని శవం పక్కన వరసగా నిలబడ్డట్టుంది. ఆరో భాగంలో అంత తక్కువలో అంత చెప్పినవాడు, ఏడోదానికి వచ్చేసరికి ఎవరో తనకి మార్కులు వేస్తున్నట్టు రాశాడు.

ఇది వాడికే రాద్దామని కాగితం తీసి మళ్ళీ పెట్టేశాను. నేను చెబితే వాడు వింటాడు. అదే నాకు ఇష్టం లేదు. బాగుందంటే నమ్ముతాడు, బాగోలేదంటే కుర్చీలో కూర్చుంటాడు. రెండూ నా మాట మీదే జరుగుతాయి. చిన్నప్పుడు అది సరే. ఈ వయసులో వాడి చెవులు చెప్పింది వాడు వినాలి. నా దగ్గర లేనివి అవే.

నా మొదటి ఉత్తరంలో ఆ కుర్చీ గురించి కోపంగా రాశాను. ఇప్పుడు కోపం లేదు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆలోచించాను. తన రాతని తను విని, ఇక చాలనుకుని ఆ కుర్చీలో కూర్చుంటే, నేను వాడి కోసం మంచి దిండు కుట్టి పంపుతాను. వినకుండా కూర్చుంటే మాత్రం జీవితాంతం అటూ ఇటూ కదులుతూనే ఉంటాడు. పక్కన నువ్వుంటావు, ఆ కదులుడు నీకే తెలుస్తుంది.

ఎలా వినిపించాలో నాకు తెలీదు. ఇంత దూరాన కూర్చున్నదాన్ని. అక్కడున్నది నువ్వు.

ఈ ఉత్తరం వాడికి చూపించాలో వద్దో నీకే వదిలేస్తున్నాను.

గుడ్రూన్


లిండ్‌రోడా,
ఏప్రిల్, ఆదివారం

వదినగారికి,

మీ ఉత్తరం ఈయనకి చూపించలేదు. చూపించాల్సిన పని లేకపోయింది.

మంగళవారం చర్చి పక్క హాల్లో గాయకబృందానికి కాఫీ ఇచ్చారు. ఈస్టర్ అయ్యాక మొదటిసారి కలిసినప్పుడు సాధన ఉండదు, తినడమూ మాట్లాడడమూ అంతే. కేకులు నేను తెచ్చాను. ఈయన్నీ రమ్మన్నారు. వచ్చి కోటు విప్పకుండా తలుపు దగ్గర కూర్చున్నారు. కాగితాలన్నీ అప్పటికే అట్టపెట్టెలో సర్దేసి ఉన్నాయి.

నేను ఆ బృందంలో చేరి ఏళ్ళయింది. "కిటికీ మూయనా" అని తప్ప నలుగురిలో నోరు విప్పి ఎరగను. కేకు కోస్తూ, తల ఎత్తకుండా, "ఏడోది ఇప్పుడు పాడదామా" అన్నాను. ఎవరికీ వినపడలేదు. లోథార్‌కి వినపడింది.

"అందరూ నోళ్ళు మూయండి. రోమీ ఏదో అంటోంది. ఇది మళ్ళీ జరగదు" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. చేతిలో కత్తి ఉంది, ఎక్కడ పెట్టాలో తెలీలేదు. మళ్ళీ అన్నాను.

డీట్సెల్‌గారు, "ఈస్టర్ తర్వాతా? అది శ్రమల పాట రోమీ, కూడదు" అన్నారు.

"కూడనిది చర్చిలో" అన్నాడు లోథార్. "ఇది కాఫీ గది. ఇక్కడ దేవుడు కూడా కేకు తినడానికే వస్తాడు."

"జనం కోసం కాదండి" అన్నాను. "ఆయన వినలేదు."

 లోథార్ అట్టపెట్టె తెరిచి కాగితాలు పంచాడు. నోట్లో కేకు ఉన్నవాళ్ళు మింగేశారు. తీగవాద్యాలవాళ్ళు లేరు, ఓబో లేదు, డీట్సెల్‌గారు ఆ మూల ఉన్న పాత పియానో మీద అందినంత వాయించారు. స్తంభం లేదు కాబట్టి అన్ని వరసలూ వినపడ్డాయి. మొదటి నుంచి చివరిదాకా పాడాం. ఈయన ఎప్పుడు లేచారో చూడలేదు, అయిపోయేసరికి నిలబడి ఉన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. గుడ్ ఫ్రైడే కాకపోయినా.

"మధ్యలోదంతా తీసేయాలి" అన్నారు ఈయన.

"అయ్యా, నేను జనవరి నుంచి నేర్చుకున్నది ఆ మధ్యలోదే" అన్నాడు లోథార్.

"తెలుసు. నువ్వు చాలా బాగా పాడావు. అందుకే అది బాగోలేదని తెలిసింది."

లోథార్ ఇది మెప్పో తిట్టో తేల్చుకోలేక ఇంకో ముక్క కేకు తీసుకున్నాడు. ఈయన ముందుకి వచ్చి, "ఆ రోజు జనం లేచినప్పుడు మేడమీద మీకు ఎలా వినపడింది?" అని అడిగారు. ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్పారు. ముందు చెక్క చప్పుడు, తర్వాత ఎవరో గొంతు సవరించుకోవడం, తర్వాత ఊరంతా ఒకే శ్రుతిలో పడిపోవడం. సన్నగా పాడే ముసలావిడ ఒకరు, "ఆమేన్ తర్వాత చాలా ఖాళీగా అనిపించిందండీ. అక్కడ ఏదో ఒకటి కావాలనిపించింది, ఇంత పెద్దది కాకపోయినా" అన్నారు. ఈయన కోటు విప్పి కుర్చీ మీద వేశారు. డీట్సెల్‌గారి దగ్గర పెన్సిల్ అడిగి తీసుకున్నారు. మేము కాఫీ కప్పులు కడిగి వెళ్ళేదాకా పియానో దగ్గరే ఉన్నారు.

ఇంటికొచ్చాక నాకు చెప్పారు. మా ఊరివాళ్ళు ఎలాగూ లేస్తారు, లేవనీ అన్నారు. ప్రార్థన అక్కడే ఉంటుందట. ఆమేన్ అయ్యాక, జనం ఇంకా నిలబడి ఉండగానే, రెండో ఆల్టో ఒక్కటే మొదలుపెడుతుంది. తర్వాత ఇంకో రెండు వరసలు చేరతాయి. అంతే. "ఆస్‌మన్‌గారికి నచ్చిన ముగింపు పోతుంది కదండీ" అన్నాను. "ఆయనకి కొత్తది పంపుతాను. నచ్చకపోతే పాడరు" అన్నారు. ఇది కూడా బూట్లు తుడుచుకుంటూ అన్నట్టే అన్నారు. ఈసారి నాకు భయమేయలేదు.

గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఈయన పియానో దగ్గర ఉన్నారు. తీశాను. బ్రాండిస్‌గారు. నాకు ఫోన్లో పెద్దవాళ్ళతో మాట్లాడడం రాదని మీకు తెలుసు. రిసీవర్ చేత్తో మూసి, "కళల శాఖ ఆయనండీ" అన్నాను.

"పాఠాలు మానను, కుర్చీ వద్దని చెప్పు."

"మీరే చెప్పండి."

"ఇప్పుడు లేస్తే ఇది పోతుంది."

నేను రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని, రొట్టెలు అయిపోయాయని చెప్పినట్టు చెప్పాను. "బ్రాండిస్‌గారూ, ఆయన పాఠాలు మానరు. కుర్చీ మాత్రం వద్దట."

"ఇలాంటిది మళ్ళీ రాదమ్మా. ఇంకోసారి ఆలోచించుకోమను."

"ఆలోచించుకున్నారండి."

"అయితే ఒక్క నిమిషం ఆయనకే ఇవ్వు."

"ఇప్పుడు కుదరదండి. రాస్తున్నారు."

ఆయన సరే మరి, నమస్కారం చెప్పమని పెట్టేశారు. నా చెవులు వేడెక్కిపోయాయి. ఈయన తల తిప్పకుండానే, "రోమీ, ఇలా రా. ఈ వరస నువ్వు పాడితే ఊపిరి ఎక్కడ తీసుకుంటావు?" అన్నారు.

పిండి చేతులు తుడుచుకుని వెళ్ళి, పక్కన నిలబడి పాడాను. రెండో లైను సగంలో ఊపిరి అయిపోయింది. ఆగాను. ఆయన అక్కడ ఊపిరికి చిన్న గీత పెట్టి, "మళ్ళీ" అన్నారు.

మీ రోమీ